ఏడు మాటల కూత

చివరి రోజు

నా భార్య వరహాలు చివరి రోజు ఇలా గడిచింది.

తెల్లవారి ఐదింటికి టెంపరేచర్ నూట మూడు. తడిగుడ్డ వేశాను. ఆరింటికి రెండు గుక్కలు గంజి తాగింది. మూడు రోజులుగా సముద్రం రేగి ఉంది. తీరం నుంచి మందుల పడవ రాలేదు. ఎనిమిదింటికి టెంపరేచర్ నూట మూడున్నర.

పదకొండింటికి నీళ్ల యంత్రం ఆగింది. ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే ఆ యంత్రం నెలకోసారి లోపలి పొరలు కడుక్కోవడానికి తనంతట తనే ఆగుతుంది; మర్నాడు పొద్దున దాన్ని మళ్లీ లేపేది వరహాలే. ఆ చప్పుడు ఆగగానే వరహాలు కళ్లు తెరిచింది.

"రేపు పొద్దున్న నన్ను పైకి మోసుకెళ్లాల బావా" అంది.

సరే అన్నాను.

ఒంటిగంటకు నూట నాలుగు. మూడూ ఇరవైకి ఊపిరి ఆగింది. వయసు నలభై నాలుగు. సాయంత్రం ఆమె తమ్ముడు మసేను, వల లాగేవాళ్లు వచ్చి ఆమెను సముద్రానికి అప్పగించారు. మా గంగమెట్ట నడిసముద్రంలో నిలబెట్టిన ఇనుప కట్టడం, దాని మీద మట్టి లేదు.

నీళ్లు: 24 రోజులు

తొట్టి నిండా ఉంది. మనిషికి రోజుకు నాలుగు చెంబులు చొప్పున రెండువందల పదకొండు మందికి ఇరవై నాలుగు రోజులు వస్తుంది. నిన్నటిదాకా మేము రెండువందల పన్నెండు.

ఆరింటికి పై అంతస్తుకు నేనే వెళ్లాను. యంత్రం మీద మీటలన్నీ ఎప్పుడో ఉప్పు తినేసింది. మిగిలింది మాట వినే చెవి ఒక్కటే. గోడలో చారెడు జల్లెడ, దాని కింద ఏడు దీపాలు. యంత్రం మళ్లీ నడవాలంటే దానికి ఏడు ఇంగ్లీషు మాటలు వరసగా చెప్పాలి. ఒక్కో మాట సరిగ్గా పలికితే ఒక్కో దీపం వెలుగుతుంది. ఎక్కడ తప్పినా అన్నీ ఆరిపోతాయి. మూడుసార్లు తప్పితే మర్నాడు సూర్యోదయం వరకు చెవి వినదు. ఈ పనిని ఇక్కడ కూత అంటారు. ఇరవై రెండేళ్లు కూత పెట్టింది వరహాలు ఒక్కతే.

ఫోనులో ఉన్న ఆమె గొంతు వినిపించాను. చెవి పట్టించుకోలేదు. మనిషి గొంతుకూ పెట్టెలో గొంతుకూ తేడా దానికి తెలుసు. నాకూ తెలుసు.

తర్వాత నా గొంతుతో మూడుసార్లు చెప్పాను. ఒక్క దీపం వెలగలేదు.

నీళ్లు: 22 రోజులు

ఇది రాసి పెట్టాలి. యంత్రం బిగించిన ఇంజనీరు కూతకు మనిషి కావాలన్నప్పుడు డిగ్రీ చదివినవాళ్లం ఆరుగురం వెళ్లాం. మా కాలేజీలో ఇంగ్లీషులో నేను మొదటివాణ్ణి. అప్పటికి ఇంజనీరు మూడుసార్ల హద్దు ఇంకా పెట్టలేదు; అయినా చెవి మా ఆరుగురిలో ఎవరినీ ఒప్పుకోలేదు. వల లాగుతున్న ఒక అమ్మాయి నీళ్లు తాగడానికి వచ్చి నిలబడి విన్నది. ఇంజనీరు నవ్వుతూ ఆమెను కూడా చెప్పమన్నాడు. మధ్యాహ్నానికి ఏడు దీపాలూ వెలిగాయి. ఆ అమ్మాయి వరహాలు. మరుసటి ఏడు మా పెళ్లయింది.

ఇంట్లో ఆమె ఆ మాటలు సాధన చేస్తుంటే నేను దిద్దేవాణ్ణి. "సగం అక్షరాలు మింగేస్తున్నావు" అనేవాణ్ణి.

"మింగినయ్యి నా కడుపులోనే ఉన్నాయిలే" అనేది.

నీళ్లు: 21 రోజులు

నా కాలేజీ నిఘంటువు దొరికింది. ప్రతి మాటనూ చుక్కలతో ముక్కలు చేశారు. బరువు పడే ముక్కకు ముందు పైన చిన్న గీత ఉంది.

ఇంట్లో కూర్చుని ఏడు మాటలూ విడగొట్టాను. మొదటిది ఆ·థ·రై·జే·షన్. రెండోది డీ·సా·లి·నే·షన్. ఐదోది ప్యూ·రి·ఫి·కే·షన్. ఈ మూడింటికీ ఒకటే సూత్రం. చివర షన్ ఉంటే దాని ముందున్న ముక్క మీద బరువు. మూడోది ఎ·లెక్·ట్రి·సి·టీ. ఆరోది రె·స్పాన్·సి·బి·లి·టీ. వీటికి వెనక నుంచి మూడో ముక్క. చివరిది ఇ·మీ·డి·యట్·లీ. దానికి రెండోది. నాలుగోది టెం·ప·రే·చర్. గీత మొదటి ముక్క మీద ఉంది.

తెలుగువాళ్లం అన్ని ముక్కలనూ సమానంగా పలుకుతాం. చిన్నప్పుడు బడిలో ప్రతి అక్షరమూ నిండుగా పలకమని చేతి మీద కొట్టి నేర్పారు. నేను ఒక్క దెబ్బ కూడా తినలేదు.

ఇవాళ మూడో ప్రయత్నంలో మొదటి దీపం వెలిగింది.

నీళ్లు: 18 రోజులు

మూడు దీపాలు. చెవి దగ్గర జనం చేరారు. నాలుగో మాటకు మూడూ ఆరిపోయాయి. మళ్లీ చెప్పాను. మళ్లీ అక్కడే. మూడోసారీ అక్కడే.

మిగతా మాటలు ఈ మెట్ట మీద ఎవరూ వాడరు. వాటిని కొత్తగా నేర్చుకున్నాను, నిలిచాయి. టెంపరేచర్ అలా కాదు. పుట్టినప్పటి నుంచి నోట్లో ఉంది. 'రే' దగ్గరికి రాగానే నాలుక సాగదీస్తుంది. ఆ చివరి వారంలో ఆ మాటను గంటకోసారి అన్నాను.

మెట్లు దిగుతుంటే మసేను అన్నాడు: "టెంపరేచర్ మా అత్తకి కూడా వచ్చు బావా. ఈ మిషనుకి రాదేటి?"

నవ్వించడానికే అన్నాడు. అతని కళ్లు ఇంకా వాచే ఉన్నాయి.

నీళ్లు: 15 రోజులు

మెట్ట పెద్ద దానయ్య చీటీలు వేయించాడు. రోజుకు మూడు అవకాశాలు నాకొక్కడికే ఎందుకన్నాడు. న్యాయమే. మొదటి చీటీ ఆయనదే వచ్చింది.

దానయ్య జల్లెడకు నోరు ఆనించి, పడవను పిలిచినట్టు అరిచాడు. దీపం వెలగలేదు.

"సెవికి సెవుడు" అన్నాడు.

చేపలు ఎండబెట్టే ఎర్రమ్మ పిన్ని పక్కనే తట్ట దించుకుని చూస్తోంది. "దానికి సెవుడేటి? అది మాట సెప్పమంది. నువ్వు గసురుతున్నావు. నా మీద అలా అరిస్తే నానూ పలకను" అంది.

"అయితే నువ్వు సెప్పు పిన్నీ" అన్నాడు దానయ్య.

"నాకేటొచ్చు? సదువుకున్నోళ్లకే దిక్కు లేదు" అని తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

మిగతా రెండు చీటీల వాళ్లకూ దీపం రాలేదు. రేపటి నుంచి మూడూ నాకే వదిలేశారు. గౌరవంతో కాదు, వేరే దారి లేక.

నీళ్లు: 11 రోజులు

వరహాలు పక్కబట్టలు ఎండేశాను. ఆమె తల దగ్గర మేకుకు ఏడు సన్నతాళ్లు వేలాడుతున్నాయి. వల అల్లగా మిగిలిన ముక్కలనుకునేవాణ్ణి. ఇవాళ చేతిలోకి తీసుకున్నాను. ప్రతి తాడుకూ ముడులున్నాయి. చిన్న ముడులు, మధ్యలో ఒక పెద్దది.

లెక్కపెట్టాను. మొదటి తాడుకు ఐదు ముడులు, నాలుగోది పెద్దది. ఆ·థ·రై·జే·షన్. ఆరో తాడుకు ఆరు, నాలుగోది పెద్దది. రె·స్పాన్·సి·బి·లి·టీ. అక్షరం రాని మనిషి. నిఘంటువు చేసిన పనే తాడుతో చేసింది.

తాళ్లు ఏడూ ఒడిలో వరసగా పరుచుకున్నాను.

నాలుగో తాడుకు మాత్రం మూడే ముడులు. పెద్దది మొదట, వెనక రెండు చిన్నవి. నిఘంటువులో నాలుగు ముక్కలున్నాయి. ఒకటి వేయడం మరిచిపోయి ఉంటుంది. నేనే ఒక చిన్న ముడి వేసి సరిచేశాను. ఇప్పుడు తాళ్లన్నీ పుస్తకంతో సరిపోయాయి.

ఇవాళ కూడా మూడు దీపాలే.

నీళ్లు: 8 రోజులు

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. వలబృందంలో ఒకరి ఇంట చావు జరిగితే పదహారు రోజులు వల మౌనంగా లాగుతారు. హైలెస్సా అనరు. నిన్నటితో పదహారు నిండాయి. మసేను వాళ్లు ఇవాళ కూడా నోరు విప్పలేదు.

పాతరోజుల్లో హెలికాప్టర్లు దిగిన చదును మీద పద్నాలుగుమంది వరసగా నిలబడి తాడు లాగారు. పాదాల చప్పుడు, ఊపిరి తప్ప ఏమీ లేదు. చివర ఎర్రమ్మ పిన్ని మడమ నేలకు తాటించినప్పుడు అందరూ ఒక్కసారి వెనక్కి ఒరుగుతారు. తర్వాత చేతులు రెండు మూడుసార్లు ముందుకు జరుగుతాయి. మళ్లీ మడమ.

"ఇంకా ఎందుకు మౌనం?" అని అడిగాను.

"మిషను లెగిసేదాకా నోరు ఇప్పం" అన్నాడు మసేను. "అది మా అప్ప గొంతు బావా. అది ఊరుకుంటే మాకేటి అరుపులు?"

నీళ్లు: 5 రోజులు

దానయ్య తీరానికి కబురు పంపాడు. పెద్ద పడవ ఎల్లుండి పొద్దున వస్తుంది. అందరినీ నాలుగు శిబిరాలకు పంచుతారట. మనుషులు లేని మెట్టను తీరంవాళ్లు కోసి ఇనుముగా తీసుకుపోతారు. ఈ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనడం లేదు. వలలు మడత పెడుతున్నారు. ఎర్రమ్మ పిన్ని ఒక్కతే ఎప్పటిలా చేపలు తిరగేస్తోంది.

"పిన్నీ, మూట కట్టుకోవా?" అన్నాను.

"ఈ సేపలు ఎండడానికి ఇంకా నాలుగు దినాలుంది. పచ్చివి మూటెలా కడతాను?" అంది.

మసేను వీడ్కోలుకని మా గదికి వచ్చాడు. మేకు మీద తాళ్లు చూశాడు. ఒక్కొక్కటీ వేళ్లతో తడుముకుంటూ వెళ్లి నాలుగోదాని దగ్గర ఆగాడు.

"ఈ ముడి ఎవులేసినారు?"

"నేనే. మీ అక్క ఒకటి మరిచిపోయింది."

"ఇది మా అప్ప ముడి కాదు. మా ముడీ కాదు. ఇది మూట కట్టే ముడి." గొంతు లేచింది. అంత గట్టిగా అతను నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. "ఇరవై రెండేళ్లు ఏడు దీపాలూ ఎలిగించింది. నువ్వు మూడు దగ్గర ఇరుక్కున్నావు. దాని తాడు నువ్వు దిద్దుతావేటి? ఎవులిది తప్పు?"

"పుస్తకంలో నాలుగు ఉన్నాయి" అన్నాను.

"పుస్తకం ఎప్పుడైనా నీళ్లు తెచ్చిందా బావా?"

అతను వెళ్లాక ఆ ముడి విప్పాను. చెమ్మకు బిగుసుకుపోయి ఉంది. పావుగంట పట్టింది.

నీళ్లు: 4 రోజులు

పొద్దున మూడు ప్రయత్నాలు. మూడు ముక్కలుగా పలికాను. మూడింటినీ నిండుగా పలికాను. నాలుగో దీపం రాలేదు.

మసేను దగ్గరికి వెళ్లాను. నిన్నటి మాట ఇద్దరం ఎత్తలేదు.

"నాకు వల లాగడం నేర్పు" అన్నాను.

ఎగాదిగా చూశాడు. "ఇరవై రెండేళ్లకా? ఆఖరి వలకా?" అని, మూడో చోటు చూపించాడు. "అప్ప చోటు. నిలబడు."

నిలబడ్డాను. నాలుగు లాగులకే అరచేతులు చిట్లాయి. నా దగ్గర తాడు తడబడి వరసంతా ఆగింది. పద్నాలుగుమంది తిరిగి చూశారు. మౌనం కాబట్టి ఎవరూ తిట్టలేకపోయారు. ఎర్రమ్మ పిన్ని మాత్రం ఆపుకోలేకపోయింది.

"ఓరి నాయనా, అన్నిసార్లూ బిగిస్తావేటి! తాడు పీక పిసుకుతున్నావా?"

మసేను నా వెనక నిలబడి నా చేతుల మీద చేతులు పెట్టాడు. "ఒక్కచోటే లాగాల. మిగతాచోట్ల సెయ్యి జారాల. సెయ్యి ఉంటాది, పట్టు ఉండదు. అన్నిసార్లూ పట్టు పడితే తాడు కదలదు, సెయ్యి కాలిపోద్ది."

మడమ తాటించిన చప్పుడు. ఒరిగాను. తర్వాత చేతులు వదులుగా జరిగాయి. ఒకటి, రెండు. మళ్లీ మడమ.

పదోసారికి అర్థమైంది. పెద్ద ముడి మీద ఎంత బలం పెట్టాలా అని ఇన్నాళ్లూ చూశాను. ఆమె నేర్చింది చిన్న ముడుల సంగతి. అవి వదిలేయాల్సిన చోట్లు. వదిలేస్తే రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి జారి కలిసిపోతాయి. నాలుగు మూడవుతాయి. ఆమె మింగేసిందని నేను దిద్దింది దాన్నే.

వల పైకి వచ్చింది. చేతులకు ఉప్పునీళ్లు తగిలి మండుతున్నాయి. ఇవాళ నాకు అవకాశాలు అయిపోయాయి. రేపు పడవ వస్తుంది.

నీళ్లు: 3 రోజులు

ఆరింటికి పై అంతస్తులో మెట్ట మొత్తం ఉంది. మూటలతోనే వచ్చారు. నాలుగో తాడు ఒక కొస నా చేతిలో, రెండో కొస మసేను చేతిలో.

మొదటి ప్రయత్నం రెండో మాట దగ్గరే పోయింది.

రెండో ప్రయత్నం. మూడు దీపాలు. నాలుగో మాటకు నోరు తెరిచేసరికి తడిగుడ్డ, నూట నాలుగు గుర్తొచ్చాయి. 'రే' సాగింది. అన్నీ ఆరిపోయాయి.

దానయ్య తల దించుకున్నాడు. దూరంగా పడవ కనిపిస్తోంది.

"బావా" అన్నాడు మసేను మెల్లగా. "కళ్లు మూసుకో. మాట సూడకు. తాడు సూడు."

కళ్లు మూసుకున్నాను. మొదటి మాట. రెండో మాట. మూడో మాట. వెనక ఎర్రమ్మ పిన్ని మడమ నేల మీద చప్పుడు చేసింది. టెం దగ్గర తాడు లాగాను. మిగతాది నేను పలకలేదు. వదిలాను. అదే జారి వెళ్లిపోయింది.

కళ్లు తెరిచాను. నాలుగు దీపాలు.

ఆపలేదు. ఐదోది. ఆరోది. దానిలో ఆరు ముక్కలు. ఐదింటిని వదిలి ఒక్కదాన్ని పట్టాను. ఏడోది.

ఏడు దీపాలు.

కాళ్ల కింద ముందుగా వణుకు వచ్చింది. తర్వాత చప్పుడు. ఇరవై రెండు రోజులు లేని చప్పుడు. గొట్టంలో గాలి దగ్గింది, తుప్పునీళ్లు చిమ్మాయి, ఆ వెనక తెల్లటి నీళ్లు తొట్టిలోకి దూకాయి.

పద్నాలుగుమంది వలవాళ్లు ఒక్క గొంతుతో "హైలెస్సా" అన్నారు. తర్వాత రెండువందల పదకొండు మందిమీ అన్నాం. నేనూ అన్నాను. దానయ్య ఎవరిదో బిందె లాక్కుని నెత్తిన గుమ్మరించుకున్నాడు. మసేను నా మెడ పట్టుకుని ఏడ్చాడు, నవ్వాడు, మళ్లీ ఏడ్చాడు.

"సూసినావా బావా, మా అప్ప ఎక్కడ తప్పింది?"

"ఎక్కడా తప్పలేదు" అన్నాను.

ఎర్రమ్మ పిన్ని తొట్టిలో దోసిలి ముంచి తాగింది. "సప్పగా ఉంది. బాగుంది" అని చేపల దగ్గరికి వెళ్లిపోయింది.

తొమ్మిదింటికి పడవ వచ్చింది. ఎవరూ ఎక్కలేదు. మందులు దింపుకున్నాం. జ్వరం మందులు రెండు పెట్టెలు.

యంత్రం నడిచి 12 రోజులు

ఒక్క మనిషి మీద ఇన్నేళ్లు బతికాం. అది నా తప్పు కూడా. భర్తగా గర్వపడ్డాను, చదువుకున్నవాడిగా ఉడుక్కున్నాను, నేర్చుకోలేదు.

రోజూ సాయంత్రం చదును మీద బడి. యంత్రం నడుస్తున్నప్పుడు చెవి వినదు కాబట్టి చెవి పని నాది. కూత నేర్చేవాళ్లు ఒక కొస పట్టుకుని మాట చెప్తూ లాగుతారు. రెండో కొస పట్టుకుని నేను కళ్లు మూసుకుంటాను. బరువు ఎక్కడ పడిందో చేతికి తెలుస్తుంది. పుస్తకం తేవడం లేదు.

దానయ్య ఇంకా అరుస్తున్నాడు. నిన్న ఇమ్మీడియట్లీ అంటూ అన్ని ముక్కలకూ లాగి నన్ను బోర్లా పడేశాడు.

"నా బరువే అంత. నానేటి సేసేది?" అన్నాడు.

జనం పడీపడీ నవ్వారు. నేను కూడా. నేను నవ్వడం ఇరవై రెండు రోజుల తర్వాత అని రాయబోయాను. లెక్క తప్పు, ఇంకా ఎక్కువ.

టెంపరేచర్ నా నోట్లో ఇప్పుడు రెండు రకాలుగా ఉంది. ఒకటి చెవిది. రెండోది ఇంటిది. దాన్ని దిద్దను.

యంత్రం నడిచి 30 రోజులు

ఇవాళ పదకొండింటికి యంత్రం పొరలు కడుక్కోవడానికి ఆగింది. చప్పుడు ఆగగానే పిల్లలు కూడా తల ఎత్తారు. ఎవరూ భయపడలేదు.

పదకొండు మంది కూత నేర్చారు. రేపు ఎవరు పెట్టాలని చదును మీద అడిగాను. అందరూ ఎర్రమ్మ పిన్ని వైపు చూశారు. వయసు అరవై మూడు. బడి మొహం చూడలేదు. ఏడు మాటలూ మొదటి వారంలోనే పట్టేసింది.

"నానెందుకు? నువ్వున్నావు కదా" అంది.

"నాకు నానా తంటాలు పడితే వచ్చింది పిన్నీ. నీకు పడకుండానే వచ్చింది."

"తప్పితే?"

"మూడు అవకాశాలున్నాయి."

"నాకు ఒకటి సాలు. ఎండెక్కకముందే సేపలు తిరగెయ్యాల" అంది.

తాళ్లు ఏడూ తీసి ఆమెకు ఇచ్చాను. ఒక్కొక్కదాన్నీ తడిమి చూసుకుని, నడుం దగ్గర కొంగులో దోపుకుంది.

రేపు పొద్దున ఆరింటికి పిన్ని కూత పెడుతుంది. నేను ఆమె వెనక నిలబడి, నోరు మెదపకుండా, రెండో కొస పట్టుకుంటాను. ఏడు దీపాలూ వెలిగాక చదును మీదికి వెళ్లి, వల దగ్గర మూడో చోట నిలబడతాను.